ముల్లు నిజం చెబుతోందా? పాత కారు టెంపరేచర్ మీటరును ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

మార్చి నెలాఖరు నుంచి నన్ను అడిగేవారందరి ప్రశ్న ఇంచుమించు ఒకటే. "అంబాసిడర్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతోంది. రేడియేటర్ మార్చాలా? హెడ్డు విప్పించాలా?" నేను ఎదురు అడిగేదీ ఒకటే. ఆ ముల్లు నిజం చెబుతోందని మీకెవరు చెప్పారు?

ఈ ప్రశ్న అడగడం నా జేబు నేర్పింది. నా అంబాసిడర్‌లోనూ ముల్లు ఇలాగే పైకి పోయేది. రేడియేటర్ విప్పి గొట్టాలు శుభ్రం చేయించాను. వాటర్ పంపు మార్పించాను. చివరికి హెడ్ గ్యాస్కెట్ కూడా వేయించాను. ముల్లు తన చోటు నుంచి కదలలేదు. అంతకుముందు ఎవరో మర సరిపోయిందని వేరే బండిలోని, నీళ్ల వేడిని మీటరుకు తెలిపే సెన్సర్‌ను తెచ్చి బిగించారని, అసలు సంగతి అదేనని తర్వాత ఎప్పటికో తెలిసింది. ఒక థర్మామీటరు, ఒక ఫ్లాస్కు, ఒక ఆదివారం ఉదయం కేటాయించి ఉంటే ఆ డబ్బంతా మిగిలేది.

ఈ పద్ధతిని అంబాసిడర్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారు 1489 సీసీ పెట్రోలు ఇంజనుతో దశాబ్దాల పాటు తిరిగింది. 2014లో అది తయారయ్యే ఉత్తరపారా (పశ్చిమ బెంగాల్) కర్మాగారం ఆగిపోయినా మన ఊళ్లలో ఇంకా చాలానే ఉన్నాయి. పద్మిని, హెరాల్డ్ వంటి ఇతర పాత కార్లకూ పద్ధతి ఇదే. సెన్సర్ ఉండే చోటు మాత్రం మారుతుంది.

ముందుగా ఒక మాట. ఈ పరీక్ష మీటరును సరిచేయడానికి కాదు. చాలా పాత మీటర్ల మీద అంకెలే ఉండవు. ఒక చివర సి, మరో చివర హెచ్ అక్షరాలు, మధ్యలో ఒక గీత, అంతే. ముల్లు ఏ చోట ఉంటే నీళ్లు ఎంత వేడిగా ఉన్నట్టో తెలిస్తే మనకు చాలు. 80 దగ్గర ఎక్కడ నిలబడుతుంది, 90 దగ్గర ఎక్కడ, 100 దగ్గర ఎక్కడ అన్న మూడు చోట్లు తెలిస్తే తప్పుడు మీటరు కూడా పనికొస్తుంది.

కావలసినవి

- కనీసం 110 డిగ్రీల సెల్సియస్ వరకు చూపించే థర్మామీటరు. పొడవాటి పుల్ల ఉన్న వంటింటి డిజిటల్ థర్మామీటరు అన్నిటికన్నా సౌకర్యం. స్కూలు ప్రయోగశాలలో వాడే గాజుదైనా పరవాలేదు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, వేడినీళ్లలో పగిలిపోతుంది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టడానికి కొన్న గన్ను కూడా వద్దు. అది శరీర ఉష్ణోగ్రత పరిధి దాటి చూపించదు.
- మూతి వెడల్పుగా ఉన్న ఫ్లాస్కు. వంటింటిది తీసుకుంటే దాన్ని ఇక కారుకే వదిలేయండి.
- మల్టీమీటర్, రెండు వైపులా క్లిప్పులున్న వైరు ముక్క.
- సెన్సర్‌కు సరిపోయే పానా, చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత గుడ్డలు, నీళ్లు పట్టడానికి తట్ట.
- కాగితం, పెన్సిలు. గుర్తుంటుందిలే అనుకోకండి, ఉండదు.

చేసే విధానం

1. థర్మామీటరుకే ముందు పరీక్ష

అబద్ధమాడే థర్మామీటరుతో మీటరు అబద్ధాన్ని పట్టుకోలేం. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, కొద్దిగా నీళ్లు పోసి కలిపి పుల్ల ముంచండి. రెండు నిమిషాల్లో 0 దగ్గర నిలబడాలి. తర్వాత మరుగుతున్న నీళ్లలో చూడండి. పుల్ల గిన్నె అడుగును తాకకూడదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. నీళ్లు అన్ని ఊళ్లలోనూ 100 డిగ్రీలకే మరగవు. ఎత్తు పెరిగే కొద్దీ సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో 100 చూపిస్తే సరే. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 చూపిస్తే అది సరైన థర్మామీటరే. బెంగళూరులో 97. ఒకటి రెండు డిగ్రీల తేడా వస్తే కాగితం మీద రాసుకుని చివర్లో సరిచేసుకోండి. అంతకన్నా ఎక్కువ వస్తే వేరే థర్మామీటరు తెచ్చుకోండి.

2. మీ మీటరు ఏ రకమో తెలుసుకోవడం

బానెట్ ఎత్తి, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కే వరకు నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వని కవాటం) ఉండే చోటికి దగ్గరగా, ఇంజను పై భాగమైన హెడ్డు మీద చూడండి. అక్కడ ఇత్తడి సెన్సర్ తలకు ఒకే ఒక వైరు తగిలించి ఉంటే అది విద్యుత్తు మీటరు. వైరుకు బదులు సన్నని లోహపు గొట్టం బయలుదేరి డాష్‌బోర్డు వెనక్కి పోతుంటే అది గొట్టం మీటరు. దాని కొసన ఉన్న బల్బులో ఈథర్ వంటి తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. వేడికి ఆ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లును తోస్తుంది.

అనుమానం వస్తే ఇంకో గుర్తు ఉంది. బండి బాగా తిరిగి వచ్చాక తాళం తిప్పి ఆపేయండి. ముల్లు కిందికి దిగిపోతే విద్యుత్తుది. తాళం తీసినా వేడి చూపిస్తూనే ఉంటే గొట్టంది.

గొట్టం మీటరు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఆ గొట్టాన్ని మెలిపెట్టకండి, మడవకండి, కోయకండి. ఒకసారి చిట్లితే ద్రవం పోతుంది, ముల్లు సి దగ్గర పడుకుంటుంది, ఇక లేవదు. దాన్ని రోడ్డు పక్కన బాగు చేయలేరు. పైగా ఈథర్ భగ్గున అంటుకునే పదార్థం.

3. చల్లటి ఇంజను మీద మొదటి చూపు

రాత్రంతా ఆగిన కారుకు ఉదయాన్నే తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయవద్దు. ముల్లు సి చివరన ఉండాలి. అప్పుడే పావు వంతు పైకి వచ్చి నిలబడితే లోపం ఇంజనులో లేదని తేలిపోయినట్టే. చల్లటి ఇంజను వేడిగా ఉండదు కదా.

4. వైరు పరీక్ష (విద్యుత్తు మీటరుకు మాత్రమే)

తాళం ఆన్‌లో ఉండగా సెన్సర్ తల నుంచి వైరు ఊడదీయండి. ముల్లు సి దగ్గరే ఉండాలి. ఇప్పుడు ఆ వైరు కొసను ఇంజను లోహానికి తాకించి, పక్కవారిని ముల్లు చూడమనండి. అది హెచ్ వైపు లేవాలి. లేవడం మొదలుకాగానే వైరు తీసేయండి. అయిదారు సెకన్లకు మించి తాకించి ఉంచితే మీటరు కాలిపోవచ్చు.

వైరు ఊడదీసినా ముల్లు హెచ్ దగ్గరే ఉంటే దారిలో ఎక్కడో వైరు తొడుగు ఒలిచిపోయి బాడీకి తగులుతోంది. తాకించినా లేవకపోతే వైరు తెగిందో, మీటరుకు కరెంటు అందడం లేదో, మీటరే పోయిందో అయి ఉంటుంది. రెండూ సరిగ్గా జరిగితే మీటరు, వైరు బతికే ఉన్నట్టు. అవి సరిగ్గా చూపిస్తున్నాయా అన్నది ఇంకా తేలలేదు.

పెట్రోలు ముల్లు మీద కూడా ఒక కన్నేయండి. 1960ల మధ్య నుంచి చాలా బ్రిటిష్ కార్లలో ఈ రెండు మీటర్లకూ కలిపి ఒక వోల్టేజి స్టెబిలైజర్ ఉండేది. బ్యాటరీ వోల్టేజిని అది సగటున 10 వోల్టులకు దించి ఇస్తుంది. దాని ఎర్త్ వదులైతే పూర్తి వోల్టేజి వెళ్లి టెంపరేచరు, పెట్రోలు రెండూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ట్యాంకు సగం ఉందని నమ్మి దారి మధ్యలో ఆగిపోయినవారు ఇంజను మీద కాక ముందు ఈ చిన్న డబ్బా మీద అనుమానపడాలి. అది కరెంటును ఆపుతూ వదులుతూ పనిచేస్తుంది కనుక డిజిటల్ మల్టీమీటర్‌లో అంకెలు గంతులు వేస్తాయి. అది లోపం కాదు.

5. రేడియేటర్‌లో థర్మామీటరు

ఏమీ విప్పకుండా చేసే పరీక్ష ఇది. మోటు పరీక్షే అయినా పది మందిలో ఆరుగురికి ఇక్కడే సమాధానం దొరుకుతుంది.

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రేడియేటర్ మూత తీయండి. వేడిగా ఉన్నప్పుడు గుడ్డ వేసి కొంచెమే తిప్పుతాను అనేవారి ముఖం మీద మచ్చలు నేను చూశాను. పంచె కొస, చున్నీ, మెడలో తువ్వాలు ఏవీ వద్దు, ఎదురుగా ఫ్యాను తిరుగుతుంది. థర్మామీటరు వైరు కూడా ఫ్యానుకు దూరంగా కట్టండి.

నీటి మట్టం మూతి కన్నా రెండంగుళాలు తక్కువ ఉండేలా చూసి, పుల్లను నీళ్లలో మునిగేలా పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి కాస్త ఎక్కువ వేగంతో వదిలేయండి. మొదటి కొన్ని నిమిషాలు మీటరు ముల్లు లేస్తుంది గాని థర్మామీటరు లేవదు. "చూశారా, మీటరు తప్పు" అని అప్పుడే తీర్పు ఇచ్చేయకండి. థర్మోస్టాట్ తెరుచుకునే వరకు ఇంజనులోని వేడినీళ్లు రేడియేటర్‌లోకి రావు. పై హోసును బయట నుంచి తాకి చూస్తుండండి. అది ఒక్కసారిగా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. అక్కడి నుంచి అయిదు నిమిషాలు ఆగి రెండూ రాసుకోండి. రేడియేటర్‌లోని నీళ్లు హెడ్డులోని నీళ్ల కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉండటం సహజమే.

మన దగ్గర చాలామంది మెకానిక్కులు ఎండలకని థర్మోస్టాట్‌నే పీకేస్తారు. అలాంటి బండిలో నీళ్లు మొదటి నుంచీ తిరుగుతాయి కాబట్టి పరీక్ష సులువవుతుంది. కానీ నాకది నచ్చని పని. చలికాలం ఉదయాల్లో ఇంజను వేడెక్కకుండానే తిరుగుతుంది, ఎండాకాలపు అసలు జబ్బు అలాగే ఉంటుంది. థర్మోస్టాట్ ఉంటే దాని అంచు మీద తెరుచుకునే ఉష్ణోగ్రత అచ్చయి ఉంటుంది. 74, 82, 88 ఎక్కువగా కనిపించే అంకెలు. 82 దానితో మామూలుగా నడిచేటప్పుడు ముల్లు ఎక్కడ నిలబడితే అదే సుమారు 82 అనుకోవచ్చు. దాన్ని విప్పి మరిగే గిన్నెలో దారానికి వేలాడదీసి, ఎన్ని డిగ్రీలకు నోరు తెరుస్తుందో చూడటం మరీ మంచిది.

మూత తీసి ఉంది కాబట్టి థర్మామీటరు 95 దాటితే ఇంజను ఆపేయండి. నీళ్లు పొంగి పైకి చిమ్ముతాయి. మూత ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి వల్ల, చదరపు అంగుళానికి ప్రతి పౌండు ఒత్తిడికి సుమారు ఒకటిన్నర డిగ్రీల చొప్పున మరిగే స్థాయి పెరుగుతుంది. 7 పౌండ్ల మూత ఉన్న కారులో 100 డిగ్రీలంటే ఇంకా మరగడం లేదన్నమాట. కాబట్టి మూత తీసి చూసిన అంకెతో భయపడి పరుగెత్తకండి.

6. ఫ్లాస్కు పరీక్ష

నేను నమ్మేది దీన్నే. సెన్సర్‌ను గాని, బల్బును గాని ఇంజను నుంచి విప్పి, తెలిసిన వేడిలో ముంచి ముల్లును చూడటం.

ఇంజను చల్లారాక రేడియేటర్ నుంచి లీటరు రెండు లీటర్ల నీళ్లు తట్టలోకి వదలండి. కూలెంట్ కలిసిన నీళ్లను నేల మీద వదిలేయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి. తర్వాత సెన్సర్ విప్పండి. గొట్టం మీటరయితే నట్టును మాత్రమే తిప్పాలి. దానితోపాటు గొట్టం మెలితిరుగుతుంటే అక్కడే ఆగి, తుప్పు వదిలే నూనె వేసి మర్నాడు ప్రయత్నించండి. ఖాళీ అయిన రంధ్రానికి గుడ్డ ముక్క బిగించండి.

నీళ్లు వంటింట్లో మరగబెట్టి ఫ్లాస్కులో పోసి కారు దగ్గరకు తెండి. బానెట్ కింద పెట్రోలు ఉంటుంది, స్టవ్వును అక్కడికి తేవద్దు. కరెంటు కెటిల్‌లో నేరుగా సెన్సర్ ముంచే ఆలోచనా వద్దు. కారు ఎర్త్, ఇంటి కరెంటు ఒకే నీళ్లలో కలవడం మంచిది కాదు.

విద్యుత్తు సెన్సర్‌కు దాని వైరు తిరిగి తగిలించి, సెన్సర్ ఒంటి నుంచి ఇంజను లోహానికి క్లిప్పుల వైరు వేయండి. ఇది మరిచిపోయి "సెన్సర్ చచ్చిపోయింది" అని తేల్చేసేవారు లెక్కలేనంతమంది. సెన్సర్‌కు ఎర్త్ దాని మర నుంచే అందుతుంది. ఇంజను నుంచి తీసేశాక ఆ దారి ఉండదు. నీళ్లలో మర వరకే ముంచండి, వైరు తగిలించే తల తడవకూడదు.

పోయగానే నీళ్లు 95 దగ్గర ఉంటాయి. అక్కడ ఒకసారి, తర్వాత చల్లారుతుంటే 90, 80, 70, 60 దగ్గర ముల్లు చోటు రాసుకోండి. త్వరగా దించాలంటే చెంచాడు చన్నీళ్లు పోసి కలపండి. ప్రతి అంకె దగ్గరా రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఈ మీటర్ల ముల్లు మందకొడిగా కదులుతుంది, తొందరపడితే మీరు రాసేది పాత వేడి. ముల్లు చోటును "సగానికి కొంచెం పైన" అని రాసుకుంటే వారం తర్వాత మీకే అర్థం కాదు. ప్రతిసారీ ఫోనుతో ఎదురుగా, అదే ఎత్తు నుంచి ఫొటో తీయండి. పక్క నుంచి చూస్తే ముల్లు గీత మీద ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

విద్యుత్తు మీటరుకు ఇదంతా బ్యాటరీ మీదే జరుగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే, ముఖ్యంగా స్టెబిలైజర్ లేని కారులో, అంకెలు తక్కువగా వస్తాయి. అందుకే ముందు 12.4 వోల్టులైనా ఉందో లేదో చూసుకోండి.

7. 100 డిగ్రీల చోటు కావాలంటే

ఫ్లాస్కులో 100 దొరకదు. దానికి విద్యుత్తు మీటరు ఉన్నవారు ఈ ఉపాయం వాడవచ్చు. సెన్సర్‌ను వంటింట్లోకి తెచ్చి మరిగే నీళ్లలో మర వరకు ముంచి, దాని తలకూ ఒంటికీ మధ్య ఎన్ని ఓములున్నాయో మల్టీమీటర్‌తో చూడండి. ఈ సెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఓములు, వేడెక్కే కొద్దీ తక్కువ ఓములు చూపిస్తాయి. అంకె నెమ్మదిగా, తడబడకుండా దిగాలి. మధ్యలో గెంతులు వేస్తే సెన్సర్ పాడైనట్టే.

మరిగే దగ్గర వచ్చిన ఓములకు దగ్గరి రెసిస్టర్‌ను ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కొనండి. రెండు వాట్లది అడగండి, సన్నది కాలుతుంది. కారులో సెన్సర్ వైరుకూ ఇంజను లోహానికీ మధ్య ఆ రెసిస్టర్ పెట్టి తాళం ఆన్ చేస్తే ముల్లు ఎక్కడ ఆగుతుందో అదే మీ ఊళ్లో నీళ్లు మరిగే చోటు.

ఫలితాన్ని ఎలా చదవాలి

పరీక్ష రెండోసారి చేయండి. రెండుసార్లూ ఒకే చోటు వస్తే నమ్మండి. తేడా వస్తే తప్పు మీటరులో కన్నా పద్ధతిలో ఉండే అవకాశం ఎక్కువ. ఎర్త్ క్లిప్పు వదులై ఉంటుంది, లేదా మీరు ఆగలేదు.

అంకెలున్న మీటరయితే 5 డిగ్రీల తేడాకు నేనేమీ చేయను. అరవై ఏళ్ల వస్తువు నుంచి అంతకన్నా ఆశించడం అత్యాశ. 10 దాటితే కారణం వెతకాలి. ఎప్పుడూ తక్కువ చూపిస్తుంటే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో చూడండి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచరు ముల్లు కదిలిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. సెన్సర్ మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఇదే ఫలితం, ఎర్త్ సరిగ్గా అందదు. ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంటే నా కథలోలాగా వేరే బండి సెన్సర్, లేదా స్టెబిలైజర్. దుకాణంలో "ఇది కూడా సరిపోతుందండీ" అని ఇచ్చేది మరకు సరిపోతుందేమో, మీటరుకు సరిపోవాలని లేదు. కొన్నవెంటనే 6వ మెట్టు ప్రకారం ఫ్లాస్కులో ముంచి, తర్వాతే బిగించండి.

ముల్లు తక్కువ చూపించడమే ప్రమాదమని గుర్తుంచుకోండి. ఎక్కువ చూపిస్తే డబ్బు పోతుంది, తక్కువ చూపిస్తే ఇంజను పోతుంది. అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి ఉంది. హోసు పగిలి నీళ్లన్నీ పోతే సెన్సర్ చుట్టూ గాలే మిగులుతుంది, మంచి మీటరు కూడా అప్పుడు నెమ్మదిగా చల్లదనం వైపు దిగుతుంది. ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ముల్లు కారణం లేకుండా కిందికి దిగితే సంతోషించకండి, బండి పక్కకు తీసి ఆపండి.

లేజర్ చుక్క వేసే పారిశ్రామిక గన్ను ఉన్నవారు థర్మోస్టాట్ మూత మీద గురిపెట్టి చూస్తుంటారు. మెరిసే లోహం మీద అది ఇరవై, ముప్పై డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. అక్కడ మెరుపు లేని నల్ల రంగు కొద్దిగా పూసి, ఆ మచ్చ మీద చూస్తే కొంత నయం. అయినా అది లోహం పైభాగపు వేడి. ఫ్లాస్కుకు బదులు కాదు.

తిరిగి బిగించేటప్పుడు

సెన్సర్ మరను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, రాగి వాషరు ఉంటే కొత్తది వేసి, మితంగా బిగించండి. పాత హెడ్డు మర పాడైతే అది వేరే ఖర్చు. నీళ్లు నింపేటప్పుడు హీటర్ ఉన్న కారులో దాని ట్యాపు తెరిచి, నెమ్మదిగా పోస్తూ పై హోసును పిసుకుతూ గాలి బుడగలు పోనివ్వండి. సెన్సర్ దగ్గర గాలి చిక్కుకుంటే మీరు ఉదయమంతా పడ్డ కష్టం వృథా, ముల్లు మళ్లీ తప్పే చూపిస్తుంది.

తర్వాత మీటరు అద్దం మీద సన్నని బ్రష్‌తో మూడు చుక్కలు పెట్టండి. 80కి తెల్లది, 90కి పసుపు, 100కి ఎరుపు. రంగు ఇష్టం లేనివారు చిన్న స్టిక్కరు ముక్కలు వాడవచ్చు. గొట్టం మీటరుకు పై అంకెల మధ్య దూరం ఎక్కువగా, కింద దగ్గరగా వస్తుంది. అది ఆ మీటరు స్వభావం, మీ పొరపాటు కాదు. దానికి రెసిస్టర్ ఉపాయం పనికిరాదు కాబట్టి ఎరుపు చుక్కను ఫ్లాస్కులో 95 దగ్గర వచ్చిన చోటే పెట్టండి. ముందుగానే హెచ్చరించినట్టూ ఉంటుంది.

ఇంటి చుట్టుపక్కల పది కిలోమీటర్లు తిప్పి వచ్చి, మర్నాడు ఉదయం ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి నీటి మట్టం చూడండి. తగ్గి ఉంటే నింపి, సెన్సర్ చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.